'పిచ్చెక్కింది'లో 'పి' మింగేస్తే

మొన్న మా మనవరాలు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి "నాన్నమ్మా, ఇటు సూడు!" అందో లేదో, ఇంట్లో కూడా అలా మాట్లాడనివ్వొద్దని బడివాళ్లు చెప్పారంటూ మా కోడలు దాని నోరు మూసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. చిన్న పిల్లలకు పాఠాలు చెప్పి తలలు పండిన నా ఈడువారికి ఆ మంట ఎందుకో విడమర్చక్కరలేదు.

కోటబొమ్మాళి దగ్గర ఒక ఊరి బడిలో నేను ఇంగ్లీషు చెప్పే రోజుల్లో మా పిల్లలకు మాట మొదట్లో 'చ' పలికేది కాదు. చేర్ అంటే సేర్, చాక్ అంటే సాక్, నేనైతే సరేసరి, టీసరమ్మనే. 'స' అన్నవాళ్లను ఎండలో నిలబెట్టమని హెడ్మాస్టరు గారు హుకుం జారీ చేశారు. ఒక రైతు కూతురు అలా నిలబడి నిలబడి చివరికి క్లాసులో నోరు విప్పడమే మానేసింది. మాటాడని పిల్లకి సదువెందుకు, కలుపు తీతకైనా పనికొస్తాదని వాళ్లమ్మ బడి మాన్పించబోతే, కొన్నాళ్లు ఆగమ్మా, నీ కూతురి చేత ఇంగ్లీషు మాటాడించకపోతే అడుగు అని పంతం పట్టాను.

దారి ఆ పిల్లే చూపించింది. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవడో జడ లాగితే "నీకేటి పిచ్చెక్కిందేటిరా!" అని గయ్యిమంది. ఆహా, ఎంత శుభ్రమైన 'చ'! ఆ అక్షరం వాళ్ల నోట్లోనే ఉందని అప్పుడు తెలిసింది నాకు. 'పిచ్చెక్కింది'లో 'పి' పైకి వినబడకుండా మింగేసి మిగతాది అనమన్నాను. పిల్లలందరూ పడీపడీ నవ్వుతూ చేర్, చెక్, చెస్ట్ అని అరిచారు, అందరికన్నా గట్టిగా ఆ పిల్ల.

తర్వాత పైఆఫీసరు తనిఖీకొచ్చి ఆ పిల్ల చేతే చదివించి, ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా అని మెచ్చుకుంటే, అది "మా టీసరమ్మే సెప్పినాదండీ!" అంది. ఆయన మొహం మాడిపోయింది. ఇంగ్లీషు సరే, ముందీ తెలుగు దిద్దండని హెడ్మాస్టరు గారు నా మీద విరుచుకుపడితే, ఇద్దరికీ వినబడేలా చెప్పాను: "దిద్దనండీ. ఇంగ్లీషు నేను సెప్పినాను, తెలుగు వాళ్లమ్మ సెప్పినాది. దాని జోలికి నేనెల్లను."

ఆ పిల్ల బడి మానలేదు. ఇప్పుడు పిల్లలను ఎండలో నిలబెట్టేవారు లేరు, నిజమే. నీడపట్టున, ఇంట్లోనే, కన్నవాళ్లే నోరు మూసేస్తున్నారు. అదే నాకు మింగుడుపడదు. మా కోడలు చూస్తుండగానే చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని లేచాను.

"ఏటే, ఏటి సూడమన్నావు? పద, సూద్దాం."