అరటిపళ్ళు చార్జీ అవుతాయా?

వీర్రాజు గారింట్లో రెండో కారు దిగిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పాలావిడ పార్వతి. అది 1981, వేసవి సెలవులు అయిపోవచ్చిన రోజులు. అమలాపురంలో మా ఇంటి వసారాయే నా ఆఫీసు. పాలు కొలుస్తూ, "ఏజెంటమ్మ గారూ, మా పుట్టినూళ్ళో కొబ్బరి వీర్రాజు గారు ఇంకో కారు కొన్నారండి. తోలేదెవరనుకున్నారు? కోడలండి!" అంది.

అప్పటికి నేను వాహనాల ఇన్సూరెన్స్ ఏజెంటుగా కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. పాస్టరుగా పనిచేసిన మా నాన్నగారు ఇంట్లోనే చాప మీద కూర్చోబెట్టి చదువు చెప్పి, మెట్రిక్ ప్రైవేటుగా రాయించారు. ఇంగ్లీషు నేర్పింది బైబిలుతోనే. పౌలు భక్తుడి పత్రికల్లో, అంటే ఆయన సంఘాలకి రాసిన ఉత్తరాల్లో, ఒక్కొక్క వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసుకుంటూ పెరిగినదాన్ని కనుక, పాలసీ కాగితాల్లోని వాక్యాలు నన్నెప్పుడూ భయపెట్టలేదు. అందుకు నాన్నగారికీ, ఆయన్ని నాకిచ్చిన దేవునికీ వందనాలు.

అంబాజీపేటకి కాస్త అవతల వాళ్ళ ఊరు. నేను వెళ్ళేసరికి వీర్రాజు గారు వాకిట్లో కొత్తగా వచ్చిన పాత కారు చుట్టూ తిరుగుతున్నారు. చిన్న హెరాల్డు. పక్కనే వాళ్ళ పెద్ద అంబాసిడర్ నిలబడి ఉంది. కోడలు ఉమకి ఇరవై రెండేళ్ళు. కాకినాడ పిల్ల. పుట్టింట్లోనే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. కొత్తపేటలో ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, అవి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. భర్త కొబ్బరి లోడ్లతో ఎప్పుడూ బయటి రాష్ట్రాల్లోనే. అందుకని అత్తగారు సుబ్బలక్ష్మి గారు పట్టుబట్టి ఈ కారు కొనిపించారు.

"కుర్రముండ తోలుతుందంటే మీ కంపెనీవోళ్ళు నా కొబ్బరితోట రాయించుకుంటారేమోనండి," అన్నారు వీర్రాజు గారు. "వయసు ముప్పై రెండని రాసేద్దామా?"

"ఇంకా నయం, అరవైరెండని రాయమన్నారు కాదు," అన్నారు లోపలినుంచి సుబ్బలక్ష్మి గారు.

నేను నెమ్మదిగా చెప్పాను. మన దగ్గర పాలసీ కారుకే గాని తోలేవారికి కాదు. లైసెన్సు ఉండి, యజమాని ఒప్పుకోలుతో తోలితే ఇరవై రెండేళ్ళ పిల్లయినా ఒకటే, అరవై ఏళ్ళ పెద్దాయనైనా ఒకటే.

ఆయన ముఖం విప్పారింది. "అయితే మా పెద్దకారు పాలసీలోనే దీన్నీ ఓ పక్కన పడుకోబెట్టెయ్యండి. తల్లి పక్కన పిల్ల పడుకోదేంటండీ?"

"కుదరదండీ. ఏ కారు పాలసీ దానిదే."

"పోనీ నా నో క్లెయిమ్ బోనసైనా దీనికివ్వండి." ఏడాదంతా నష్టం అడగనివారికి మరుసటి ఏడు ప్రీమియంలో తగ్గించేదే ఆ బోనసు.

"అది పెద్దకారు సంపాదించుకున్నదండీ."

"మాది ఉమ్మడి కుటుంబమండీ! బోనసొక్కటీ వేరు కాపరమా?"

చివరికి రెండు దారులు చూపించాను. యాక్ట్ పాలసీ అంటే చట్టం ప్రకారం తప్పనిసరిది. ఎదుటివాళ్ళకి జరిగిన నష్టమే ఇస్తుంది, మన కారుకి పైసా రాదు. కాంప్రహెన్సివ్ అయితే మన కారు బాగుచేయించడానికి కూడా ఇస్తుంది, కాని ఖరీదెక్కువ. దాన్ని తగ్గించుకోవాలంటే ఎక్సెస్ ఒప్పుకోవాలి. అంటే దెబ్బ తగిలినప్పుడు మొదటి కొంత సొమ్ము మనమే పెట్టుకుంటాం, ఆపైది కంపెనీ చూసుకుంటుంది. వీర్రాజు గారు యాక్ట్ చాలన్నారు. సుబ్బలక్ష్మి గారు గుమ్మంలోకి వచ్చి, "మీరు డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు మన పశువుల పాక ఎన్నిసార్లు కట్టించామో ఏజెంటమ్మ గారికి చెప్పమంటారా?" అన్నారు. ఎక్సెస్‌తో కాంప్రహెన్సివ్ రాసుకుని వచ్చాను.

బయల్దేరుతుంటే ఆయన ఒక మాటన్నారు, కోడలు వింటుండగానే. "ఎక్సెస్ వరకూ నాదేనండి. ఆపైన కారు మీద నా చేతిది ఖర్చయ్యిందో, కారు అమ్మేత్తాను. ఉద్యోగం గిద్యోగం లేదు, ఇంట్లో కూచుంటాది." ఉమ కారు తాళం గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

శ్రావణంలో వర్షాలు పడ్డాయి. ఒక ఉదయం కాలవగట్టు మీద బాతుల మంద అడ్డొచ్చింది. వాటిని తప్పించబోయి ఉమ కారుని గట్టు దింపి కొబ్బరిచెట్టుకి ఆనించేసింది. లైటూ, బంపరూ, రేడియేటరూ పోయాయి. ఆ పిల్లకి చెయ్యి బెణికింది. దేవుడి దయవల్ల కారులో తనతో వస్తున్న ముగ్గురు ఊరి ఆడవాళ్ళకీ, బాతులకీ ఏమీ కాలేదు. ఎక్సెస్ పోను మిగతాది కంపెనీ ఇవ్వాల్సిన కేసు. నాకు దిగులేమీ కలగలేదు.

కాకినాడ నుంచి సర్వేయర్ గారు వచ్చేదాకా! జరిగిన నష్టం చూసి కంపెనీకి రిపోర్టు రాసేవారే సర్వేయర్. షెడ్డులో ఆయన కారు డిక్కీ తెరిపించగానే పనసపండు వాసన గుప్పుమంది. లోపల, చెట్టుకి గుద్దుకున్నాక ఎవరో సర్దేసిన మునక్కాడల కట్ట, కోడిగుడ్ల బుట్ట, అరటిపళ్ళు.

"ఇవెవరివి?"

"పాసింజర్లవండీ," అన్నాడు మెకానిక్కు, ఆ మాటకున్న బరువు తెలియక.

నాకు మాత్రం తెలిసింది. ప్రైవేటు కారు పాలసీలో హైర్ ఆర్ రివార్డ్ అని ఒక షరతుంది. ప్రతిఫలం తీసుకుని మనుషుల్ని తిప్పుతుంటే అది టాక్సీ కింద లెక్క, నష్టం ఇవ్వరు. డబ్బే కానక్కర్లేదు, గుడ్లయినా ప్రతిఫలమే కదా అంటారు.

సర్వేయర్ గారు వీర్రాజు గారి వసారాలో కూర్చుని ఆ ముగ్గురినీ పిలిపించారు. ముందు వచ్చినావిడ సూరమ్మ గారు. చిన్న అరటితోట మీద బతికే ముసలావిడ, కంటి వైద్యానికి కొత్తపేట వెళ్ళివస్తుండేది. చంకలో గెలనుంచి కోసిన అరటిపళ్ళ అత్తంతోనే వచ్చింది.

"కారెక్కినందుకు మీరేమైనా ఇచ్చేవారా అమ్మా?"

"ఆయ్! ఒట్టి చేతుల్తో ఎక్కుతానేటండి? మాదేం వంశం!"

నేను దగ్గాను. అబద్ధం చెప్పమనడం నాకు చేతకాదు. కాని ఆవిడ నిజం చెబుతుంటే వింటూ కూర్చోవడం అంతకంటే కష్టంగా ఉంది.

"మంచినీళ్ళు తాగండి ఏజెంటమ్మ గారూ," అని సూరమ్మ గారు మళ్ళీ అందుకుంది. "ఎక్కినప్పుడల్లా ఓ అత్తం ఇత్తానండి."

"నేను గుడ్లండి," అంది రెండో ఆవిడ, వెనకబడిపోతానేమోనన్నట్టు. "నాటుకోడివి!"

"మునక్కాడలు నాయండి. పనసకాయ కూడా," అంది మూడో ఆవిడ.

వీర్రాజు గారు తెల్లబోయారు. "ఓసినీ! నెల్రోజుల్నించీ మనింట్లో మునక్కాడల పులుసు అందుకా!"

"రెండేసి గిన్నెలు తాగినప్పుడు అడగలేదే?" అన్నారు సుబ్బలక్ష్మి గారు.

సర్వేయర్ గారు నవ్వలేదు. రాసుకుంటూనే ఉన్నారు. తలుపు చాటున కట్టుకట్టిన చేతితో ఉమ నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం చూసి నేను కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ బిడ్డ ఉద్యోగం మునక్కాడలతో పోనివ్వకు అని వేడుకున్నాను. అంతకుముందు గాని ఆ తర్వాత గాని అలాంటి ప్రార్థన చేసిన గుర్తు లేదు.

కలం మూయబోతూ సర్వేయర్ గారి చూపు సూరమ్మ గారి చంకలోని అత్తం మీద పడింది.

"కారు షెడ్డులో ఉంది కదమ్మా. మరి ఇవి దేనికి?"

"అదేటి బాబూ, పిల్లకి చెయ్యి బెణికింది కదండీ."

"కారు ఇక రాకపోతే?"

"రాకపోతే బస్సెక్కుతాను. పిల్లకి పళ్ళెట్టడం మానేత్తానేటి?"

"అయితే ఇది చార్జీ కాదంటారు."

ఆవిడకి కోపం వచ్చేసింది. "చార్జీయా! చార్జీ ఇత్తే సీటడగనా? ఈవిడ గుడ్లబుట్ట నా ఒళ్ళో ఎట్టుకుని, కదిల్తే తిడతాదని ఊపిరి బిగబట్టి కూచుంటానండి కొత్తపేట దాకా! చార్జీ ఇచ్చినోళ్ళనెవరైనా ఇలా కూచోబెడతారా?"

"ఎవరు కదిలారూ? ఆ ఏళ మూడు గుడ్లు చితక్కొట్టేవు," అంది గుడ్లావిడ.

సర్వేయర్ గారు ఉమని పిలిచారు. "ఏమీ ఇవ్వకుండా ఎక్కినవాళ్ళున్నారా అమ్మా?"

"చాలామంది ఉన్నారండీ. పరీక్షలకి వెళ్ళే పిల్లలూ, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళూ. ఎవరు చెయ్యెత్తినా ఆపుతానండీ. ఇచ్చేవాళ్ళు నేను స్కూలుకి వెళ్ళని రోజు కూడా ఇంటికి పంపిస్తారు. వద్దంటే బాధపడతారండీ."

ఆయన తాను రాసినదాని కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చి నాకు చూపించారు. ఇవ్వకపోయినా ఎక్కించుకుంటున్నారు, ఎక్కకపోయినా ఇస్తున్నారు కనుక ఇది ప్రతిఫలం కాదు, ఇరుగుపొరుగు మర్యాద అని వాటి సారాంశం. మా నాన్నగారు నేర్పిన ఇంగ్లీషులో అంత అందమైన వాక్యాలు నేను మళ్ళీ చదవలేదు.

ఆయన లేస్తుంటే సూరమ్మ గారు రెండు పళ్ళు విరిచి చేతిలో పెట్టబోయింది. ఆయన పాముని చూసినట్టు వెనక్కి గెంతారు. "వద్దమ్మా, వద్దు! నేను తీసుకోకూడదు!"

"చూసేరా," అందావిడ మాతో, "ఆ మాత్రం మర్యాద తెలీని మనిషండి పాపం. అందుకే అన్నేసి ప్రశ్నలడిగేడు."

క్లెయిమ్ వచ్చింది. కారు బాగుపడింది. ఉమ ఉద్యోగం నిలబడింది. వీర్రాజు గారు మాత్రం కొన్నాళ్ళపాటు పులుసు ముందు కూర్చుని, "ఇది మర్యాదేనా, ప్రతిఫలమా?" అని అడిగి గాని చెయ్యి పెట్టేవారు కాదట.

ఆ కేసు తర్వాత పాలసీ రాసేటప్పుడు కారు వివరాలతో ఆగడం మానేశాను. ఆ ఇంటివాళ్ళు దారిలో ఎవరిని ఎక్కించుకుంటారు, ఎవరేమిస్తారు అని కూడా అడిగి, షరతులు ఇంటిల్లిపాదికీ తెలుగులో విప్పి చెప్పేదాన్ని. పాలసీలో రాసినదంతా నాకు తెలుసుననుకున్నాను. దాని కింద బతికే మనుషులు ఎలా ఇచ్చిపుచ్చుకుంటారో తెలుసుకోనిదే ఆ రాత సగమే అర్థమవుతుంది.

సూరమ్మ గారు ఇప్పుడు లేరు. ఆ రోజు తాను ఒక పిల్ల ఉద్యోగాన్ని మొదట ముంచబోయి, తర్వాత ఒడ్డున పడేసిన సంగతి ఆవిడకి చివరిదాకా తెలియదు. మేము చెబితే, "నేనేం చేసేనండీ, అడిగింది చెప్పేను" అనేది. చదివిన మీకు నాదొక చిన్న మనవి. ఎప్పుడైనా ఎవరైనా మిమ్మల్ని దారిలో బండెక్కించుకుంటే, ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.