చప్పుడు లేని బండి

దైవసహాయం గారు ఏం మాట్లాడినా వీధంతా వింటుంది. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో యంత్రాల పక్కన అరిచి అరిచి పెరిగిన గొంతు అది, రిటైరైనా తగ్గలేదు. కొత్త కారు కొందామనుకున్నప్పటి నుంచి మచిలీపట్నంలో కనిపించిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేవారు. "పెట్రోలు తీసుకోమంటారా, ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేసుకునే హైబ్రిడ్డా?" చెప్పింది శ్రద్ధగా విని, మీసం దువ్వుకుని, మళ్లీ ఇంకొకరిని అడిగేవారు. మనసు మాత్రం పెట్రోలు మీదే. ఇంజను మోగకపోతే బండి నడుస్తున్నట్టు ఎలా తెలుస్తుందని ఆయన బాధ.

షోరూము వాళ్లు రెండూ నడిపి చూడమన్నారు. భార్య కరుణమ్మను ఎక్కించుకుని పెట్రోలు బండిలో పెడన దాకా వెళ్లొచ్చి మురిసిపోయారు. తర్వాత హైబ్రిడ్డు తీశారు. అది కరెంటు మీద చడీచప్పుడూ లేకుండా కదిలింది. ఊరు దాటాక పక్క సీట్లోంచి సన్నగా పాట వినిపించింది. ఆయన ఏసీ కూడా ఆపేశారు.

"బండిలో పాడతావా నువ్వు?" అన్నారు, ఎన్నడూ లేనంత మెల్లగా.

"ఎప్పుడూ పాడుకుంటూనే ఉంటానండీ. మీకెక్కడ వినపడుద్ది?" అంది కరుణమ్మ, కిటికీలోంచి చూస్తూనే.

తిరిగొచ్చాక ఆయన ఇంకెవరినీ ఏమీ అడగలేదు, హైబ్రిడ్డే తీసుకున్నారు. ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ దివిసీమ వైపు షికారు వెళ్తారు. దారిలో ఛార్జింగ్ అయిపోయి, అందులోనే ఉన్న పెట్రోలు ఇంజను అందుకుంటే ఆమె పాట వినపడదు. అప్పుడు మిగతా చరణం ఆయనే ఎత్తుకుంటారు, శ్రుతీ లయా లేకుండా, పొలాల్లో వాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా.