మా విచారణ రేకు గోడ

పోయిన ఆదివారం పూజ అయ్యాక ఎవరూ వెళ్ళిపోవద్దని మైకులో చెప్పి, మా గుడి కమిటీ కుర్రాళ్ళు పీఠం పక్కన తెల్ల తెర కట్టి కొత్త గుడి బొమ్మ చూపించారు. రెండు గోపురాలు, మధ్యలో రంగు అద్దాలు, హైవే మీద పోయే బస్సుల్లోంచి కూడా కనబడేంత ఎత్తున సిలువ, చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. మొదటి దశలో ఈ ముఖద్వారం కడతారట, రెండో దశలో ఫాదర్ గారి ఇల్లు, ఇక మూడో దశలో, వీలైతే, బయట నిలబడేవాళ్ళకు ఒక షెడ్డు, అందులో పూజ కనబడటానికి ఒక టీవీ. ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా సంగతి తెలిసిన మా ఆయన ముందే నా కొంగు పట్టుకుని కూర్చున్నాడు గానీ, నేను లేవనే లేచాను. గుళ్ళోకి వచ్చినవాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టడానికా నాయనా గుడి కట్టేది, అని అందరి ముందూ అడిగాను.

బొమ్మ చూపిస్తున్న ఇంజనీరు కుర్రాడు పరాయివాడేం కాదు, వేళ్ళు పట్టుకుని సిలువ గుర్తు వేసుకోవడం నేర్పింది నేనే. వాడు నొచ్చుకోకుండానే, "ఆంటీ, ఆ వెనక రేకు గోడ చూస్తే సిగ్గైతుంది. ఇంకెన్ని రోజులు పెట్టుకుందాం?" అన్నాడు. నాకేం సిగ్గు లేదన్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట పంటికింద రాయిలా కలుక్కుమంటూనే ఉంది. ఆ రేకు గోడ ఎలా వచ్చిందో ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు, కానీ పటాన్‌చెరు వైపు బతుకుతెరువుకని పెట్టె సర్దుకుని వచ్చిన నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. మా ఆయనకు ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు ఉద్యోగం రావడంతో, పెళ్ళైన కొత్తల్లోనే ఈ రాళ్ళ నేలకు వచ్చి పడ్డాం. పుట్టిన ఊళ్ళో గంట మోగితే నిద్రలేచిన దాన్ని, ఇక్కడ సైరను మోగితే లేవాల్సి వచ్చింది. దగ్గర్లో గుడి లేదు. నెలకోసారి ఒక ఫాదర్ గారు స్కూటరు మీద దుమ్ము కొట్టుకుపోయి వచ్చి మా క్వార్టరు ముందు గదిలో పూజ చేసేవారు, మా అల్యూమినియం గిన్నెలు పెట్టుకునే బల్లే పీఠం. పక్క క్వార్టరు అక్కయ్యది కృష్ణా జిల్లా, ఆవిడ శ్రావణ శుక్రవారాలు తప్పని మనిషి, అయినా మా పూజ అయ్యేదాకా కుక్కరు పొయ్యి మీద పెట్టేది కాదు, విజిల్ వేస్తే మీ స్వామికి అడ్డం కదా అని. ఆ గది చాలనప్పుడు పక్క ఊరు లక్డారం పెద్దాయన ఒకాయన తన ఎరువుల గోడౌను ఆదివారాలకు ఇచ్చాడు. కిరాయి మాటెత్తితే కసురుకునేవాడు. యూరియా వాసనా సాంబ్రాణి వాసనా కలిసిన ఆ గాలి నాకిప్పటికీ గుర్తే.

ఇక్కడ మా మాట ఒకటి చెప్పాలి. మా కథోలికులకు విచారణ అంటే ఒక గురువు కింద ఉండే గుడీ, ఆ గుడి జనమూ. పెళ్ళిసంబంధానికి వెళ్ళినా ముందు మీది ఏ విచారణ అనే అడుగుతారు. ఫ్యాక్టరీలో మాత్రం విచారణ అంటే ఎవడో తప్పు చేశాడనీ, వాడి ఉద్యోగానికి ముప్పొచ్చిందనీ అర్థం. మమ్మల్ని విడిగా ఒక విచారణ చేయమని పైవాళ్ళను అడగడానికి మీటింగు పెట్టుకున్న రోజున, అమాయకుడైన మా ఆయన వెళ్ళి షిఫ్టు ఆఫీసరును, మా విచారణ ఉంది సార్, సెలవు కావాలి అని అడిగాడు. "నువ్వేం జేసినవయ్యా? నీ మీద విచారణ ఏంది?" అని ఆయన కుర్చీలోంచి లేచాడట. సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకిపోయింది. యూనియన్ వాళ్ళు వచ్చి భయపడకు, మేమున్నాం అని భుజం తట్టారు, పక్కింటి అక్కయ్య కళ్ళు తుడుచుకుంటూ పప్పుచారు క్యారేజీ పట్టుకొచ్చింది. అయ్యో రామా, విచారణ అంటే గుడి అని గుమ్మంలో నిలబడి నేను అరిస్తే తప్ప ఎవరూ నమ్మలేదు. పప్పుచారు మాత్రం తినేశాం.

ఈ సంగతి లక్డారం పెద్దాయన చెవిన పడింది, ఇక వదిలాడా! అప్పట్నుంచి నేను ఎదురుపడితే చాలు, మీసం దువ్వుకుంటూ, "ఏం తల్లీ, మీ విచారణ ఒడిసిందా? తీర్పు ఎప్పుడిస్తరు?" అనేవాడు. ఒడవడమంటే ఈ వైపు అయిపోవడం. ఇంకా ఒడువలేదు పెద్దాయనా, అని నేనూ ఆయన యాసలోనే జవాబిచ్చేదాన్ని.

లక్డారం దారిలో స్థలం కొన్నాక, గుడి ఎలా కట్టాలని గోడౌనులో గోనె సంచుల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక్కసారే కట్టే తాహతు మాకు లేదు, కాబట్టి ముందేది, వెనకేది అన్నదే తగువు. అప్పట్లో మా దగ్గరే ఉండే మా ఆయన పెదనాన్నగారు, నాకు పెదమామగారు, కమిటీకి పెద్ద. ఊళ్ళో మా గుడికున్నట్టే రెండు గోపురాలతో ముఖద్వారం ముందు లేపాలని ఆయన పట్టు, బంధువులొస్తే చూపించుకోవద్దూ అని. ఫాదర్ గారు సుద్దముక్క తీసుకుని నేల మీద గీశారు. ఆ చివర పీఠం, దాని ముందు రెండు స్తంభాల మధ్య చోటంత ఒక అంకణం, తర్వాత ఇంకో అంకణం, అలా రోడ్డు వైపుకు వస్తూ. జనం కూర్చునేది పీఠానికీ గుమ్మానికీ మధ్య, గుమ్మం గోడ ముందే కట్టేస్తే గుడి పొడుగు అక్కడితో ఆగిపోతుంది, అన్నారు. అందుకని ఆ వైపు బోల్టులతో బిగించిన రేకులు పెడదాం, జనం పెరిగినప్పుడల్లా పానాతో విప్పి, ఒక అంకణం కట్టుకుని, మళ్ళీ అవతల బిగించుకుందాం అన్నారు.

పెదమామగారు మండిపడ్డారు. రేకుల కొట్టంలో దేవుణ్ణి పెడతామా అన్నారు. మగవాళ్ళంతా ఆయన వైపు తలూపుతుంటే, నాకు ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను. మీరంతా ముందు కూర్చుని పీఠం వైపు చూస్తారు, మేం ఆడవాళ్ళం వెనక కూర్చుంటాం, మా వీపు వెనక ఎండలో ఎవరు నిలబడుతున్నారో మాకు తెలుసు అన్నాను. నైట్ షిఫ్టు దిగి టిఫిను డబ్బాలతో సరాసరి పూజకొచ్చే ఒడిశా, జార్ఖండ్ కూలీలు వాళ్ళు, ఎప్పుడొచ్చినా ఆలస్యమే, ఎప్పుడూ చోటు బయటే. మీ బంధువులు ఏడాదికోసారి వస్తారు, వీళ్ళు ప్రతి ఆదివారం వస్తారు, ఎవరికి కడదాం చెప్పండి అన్నాను. ఫాదర్ గారి గీతే నెగ్గింది. పెదమామగారు చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, నేను ఆయన పళ్ళెంలో అన్నం వడ్డించడం మానలేదు.

మొదటి రెండు అంకణాలూ లేచాక బిషప్ గారు చూడ్డానికి వచ్చారు. మమ్మల్ని విచారణ చేయాలా వద్దా అన్నది ఆ రోజు తేలాలి. పెద్దవాళ్ళు రేకు గోడ కనబడకుండా తెల్ల పరదాలు కట్టి, పూలదండలు వేలాడదీశారు. ఆయన పీఠం పక్క తలుపు గుండా లోపలికొచ్చారు, లోపల ఇస్త్రీ బట్టలతో మేమంతా, రేకుల అవతల ఎండలో వాళ్ళంతా. బయట ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. నాకు మనసు ఆగలేదు. పానా తీసుకురా అన్నాను మా ఆయనతో. ఇప్పుడా, బిషప్ గారి ముందా, అని ఆయన నీళ్ళు నమిలాడు. సైకిలు సంచీలోంచి నేనే తీసి, పరదా తప్పించి బోల్టు తిప్పడం మొదలుపెట్టాను. అది చూసి మా ఆయనా, ఆయన తోటి ఫిట్టర్లూ ఉరికొచ్చారు. ఆఖరి బోల్టు ఊడి రేకు దభేలుమని పడేసరికి పాట ఆగిపోయింది. బిషప్ గారు పీఠం దగ్గర్నుంచి, ఏం జరుగుతోందక్కడ అని అడిగారు. బయట వేపచెట్టు కింద తమాషా చూస్తున్న లక్డారం పెద్దాయన గొంతెత్తి, "ఏం లేదు స్వామీ, విచారణ జరుగుతుంది!" అన్నాడు.

బిషప్ గారు ఒక్క క్షణం చూసి, నవ్వేశారు. తెరిచిన ఆ వైపు నుంచి బయటికి నడిచి, ఎండలో ఉన్నవాళ్ళను తన వెంటబెట్టుకుని లోపలికి తెచ్చారు. పూజ చివర మమ్మల్ని విచారణగా ప్రకటించినప్పుడు నేను వలవలా ఏడ్చాను.

ఆ తర్వాత ప్రతి గుడి పండుగకూ రేకులు విప్పడం మా ఆచారమైపోయింది. ఫిట్టర్లు తెల్ల చొక్కాల జేబుల్లో పానాలు పెట్టుకుని పూజకొచ్చేవారు. ఒక్కో అంకణం పెరిగినప్పుడల్లా ఆ రేకు గోడ రోడ్డు వైపు ఒక్కో అడుగు వేసింది. పెదమామగారు పోయేదాకా రెండు గోపురాలంటూనే ఉన్నారు, కానీ అవి లేవని ఒక్కనాడూ పూజ మానలేదు.

ఇప్పుడు క్వార్టర్లు సగం ఖాళీ. మా తోటివాళ్ళు రిటైరై ఎక్కడెక్కడో సర్దుకున్నారు. పక్కింటి అక్కయ్య లేదు. పెద్దాయనా లేడు, ఆయన పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతారు. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే జార్ఖండ్ అమ్మాయిలు చంటిపిల్లల్ని వీపుకు కట్టుకుని వస్తారు, మన పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని మాకంటే గట్టిగా పాడతారు, ఇప్పటికీ రేకుల అవతలే. మారింది మేమే. మోకాళ్ళ నొప్పులని ముందు వరుసలో ఫ్యాను కింద కుర్చీలు వేయించుకున్నాం, వెనక ఎవరున్నారో చూడటం మానేశాం. ఒకప్పుడు వాళ్ళ పేర్లన్నీ నాకు తెలిసేవి, ఇప్పుడు ఒక్కటీ తెలియదు. ఆ కుర్రాడికి రేకు చూస్తే సిగ్గేస్తోందంటే వాణ్ణేం అనను, సిలువ గుర్తు నేర్పాను గానీ పానా పట్టడం నేర్పలేదు మరి.

ఏది ముందు కట్టాలో వచ్చే ఆదివారం చేతులెత్తి తేల్చుకుంటారట. ఎత్తుకోనివ్వండి. నేను మాత్రం ముందు వరుసలో కూర్చోను. మా ఆయన సైకిలు సంచీ అటక మీంచి దింపించాను, పానాకు కాస్త తుప్పు పట్టింది, నూనె రాశాను. మడత కుర్చీ వేసుకుని రేకుల అవతల ఆ పిల్లల మధ్య కూర్చుంటాను, ముందుగా ఒక్కొక్కరి పేరూ అడుగుతాను. లెక్క పెట్టేవాళ్ళు నా చెయ్యి కూడా కావాలంటే బయటికి రావాలి, లేదా గోడ విప్పాలి. ఆ దారిన పోతూ మీసం దువ్వుకుని అడిగేవాడు ఇప్పుడు లేడు గానీ, నేను జవాబు చెప్పే తీరతాను. ఒడువలేదు పెద్దాయనా, మా విచారణ ఇంకా ఒడువలేదు.