రెక్కకు అటు అమ్మ, ఇటు నేను

నాకు తొమ్మిదేళ్లప్పుడు నా చేతిలో మూరెడు పొడవు సూది ఉండేది... బొంతలు కుట్టేది కాదు, విమానం రెక్క కుట్టేది. నవ్వేవాళ్లు నవ్వండి. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే నా మనవరాలు స్వప్న ఫోన్లో కొడుతోంది. ఒక్క మాట మెత్తగా మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మాది మొయినాబాద్. మా అమ్మ బాలమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. పట్నంలో ఒక మిలటరీ ఆఫీసరు ఇంటికి బొంత ఇచ్చి వస్తే, ఆయన ఆ కుట్టు చూసి విమానాలు బాగుచేసే షెడ్డులో పని ఇప్పించాడు. ఆ పాత విమానాల రెక్కలకు రేకు ఉండేది కాదు... లోపల సన్నటి కర్ర పక్కటెముకలు, పైన బట్ట. ఆ బట్టను ప్రతి పక్కటెముకకూ దారంతో బిగించాలి.

మొదటి రోజు అమ్మ బొంత కుట్టినట్టే కుట్టింది... ఒకే దారం, ఈ కొస నుంచి ఆ కొసకు గబగబా. మేస్త్రీ వచ్చి మధ్యలో ఒక్కచోట కత్తిరించి లాగాడు. వరుసంతా ఊడి చేతికొచ్చింది.

"బాలమ్మా, బొంత ఊడితే చలి పెడ్తది. ఇది ఊడితే పైనున్న పిలగాడు కింద పడ్తడు," అన్నాడు.

ఆ రోజు నుంచి కుట్టు కుట్టుకూ ఒక ముడి. ఒకటి తెగినా పక్కది పట్టుకోవాలి.

రెక్కను తలుపులా నిలబెట్టేవారు. అటు అమ్మ, ఇటు నేను. నా ఈడు పిల్లలు బడికి పోతుంటే నేను బస్సెక్కి అమ్మ వెంట పోయేదాన్ని. అమ్మ పక్కటెముకకు ఒక పక్కగా సూది గుచ్చితే నా వైపు వచ్చేది. నేను రెండో పక్కగా తిరిగి పంపేదాన్ని. సూది వచ్చే ముందు అమ్మ బట్ట మీద వేలితో రెండుసార్లు కొట్టేది... నా కన్ను జాగ్రత్త అని. ఇంకా రంగు పూయని తెల్ల బట్ట కదా, వెలుతురుకు అమ్మ నీడ కనిపించేది. కొప్పు, ముంజేతులు, వంగిన మెడ...

ఒకసారి ఆటల తొందరలో పక్కటెముకను చుట్టకుండా, వచ్చిన కంతలోంచే సూదిని వెనక్కి పంపేశాను. అమ్మ దారం లాగగానే కనిపెట్టింది. ఇటు వచ్చి నెత్తి మీద ఒక్కటిచ్చి, ఆ వరుస మొత్తం విప్పింది. "ఏ తల్లి కొడుకు ఎక్కుతడోనే దీనిమీద," అంది. మళ్లీ మొదటి నుంచి కుట్టాం.

కుట్ల మీద పట్టీ అతికించి, తల తిరిగే వాసనున్న మందు పూసేవారు. బట్ట డప్పులా బిగిసేది. అమ్మ వేసిన ముడులన్నీ దాని కిందికి పోయేవి.

పోయిన ఆదివారం స్వప్న నన్ను విమానాల మ్యూజియంకు తీసుకుపోయింది. అక్కడ సగం బట్ట తీసి లోపలి కర్రలు చూపిస్తున్న రెక్క ఒకటి పెట్టారు. బోర్డు చదవమన్నాను. విమానం నమూనా గీసినాయన పేరుంది, నడిపినాయన పేరుంది. బట్ట గురించి మాత్రం ఒకటే ముక్క... మిషను మీద కుట్టినది అని!

తాడు దాటి వెళ్లి, పట్టీ ఊడినచోట బయటపడ్డ ముడిని పట్టుకున్నాను. మెడలో కార్డు వేసుకున్న గైడు ఉరికొచ్చాడు.

"అవ్వా, ముట్టద్దు! జర ఎన్కకు రా!"

"నువ్వు పుట్టకముందే ముట్టిన బిడ్డా. గిది మిషను కుట్టిందని ఎవడు చెప్పిండు?"

"బోర్డు మీదున్నది కద అవ్వా."

"బట్ట ముక్కలు జోడించింది మిషనే, కాదంటలేను. మరి గీ కర్రలకు బిగించిందెవరు? మిషను రెక్కలోపలికి ఎట్ల పోయింది? పిల్లి లెక్క దూరిందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గైడు నవ్వలేదు. పెద్దసారును పిలిచాడు. సారు వంగి ముడిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"దీన్ని నువ్వే కుట్టినవా అవ్వా?"

"నేనే కుట్టిన అంటలేను సారూ. ఎవరి అమ్మ కుట్టిందో. మిషనైతే కుట్టలే. బోర్డు మార్చుండ్రి."

"సరే, అర్జీ రాసియ్యి. చూస్తం."

రాసియ్యాలట! అక్షరాలు దిద్దే వయసులో నేను మీ రెక్కలకు సూది అందించాను సారూ... అందుకే రాయడం రాదు. ఇదే నా అర్జీ. వేలిముద్ర కావాలంటే వచ్చి ఆ బోర్డు మీదే వేస్తాను.

చదివేవాళ్లు ఊరికే గుండె బొమ్మలు పెట్టి పోకండి. మీ అమ్మో, అమ్మమ్మో అట్లాంటి షెడ్డులో కుట్టి ఉంటే ఆమె పేరు రాయండి, ఊరు రాయండి. సారుకు అన్నీ కలిపి చూపిస్తాను.

ఇప్పుడు మా ఇంటి మీదుగా రోజంతా విమానాలు పోతుంటాయి... అన్నీ రేకువే. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య రెక్క అడ్డమున్నా బట్టలోంచి మా అమ్మ కనిపించేది. ఇప్పుడు ఆ బోర్డు అడ్డమొచ్చింది... అమ్మ కనిపించడం లేదు.