కాశీలో కాకరకాయ వదిలిన పెద్దాయన

కరోనా సద్దుమణిగి యాత్రలు మళ్లీ మొదలైన ఏడాది అది. మా ట్రావెల్స్ ఆఫీసు విజయవాడ వన్ టౌన్‌లో. నేను టూర్ మేనేజర్‌ని, అంటే రైలెక్కించిన దగ్గర్నుంచి మళ్లీ ఇంటికి చేర్చేదాకా అందరి మంచిచెడ్డలూ నావే. కాఫీ చల్లారినా నన్నే అంటారు, గంగ నీళ్లు చల్లగా ఉన్నా నన్నే అంటారు.

ఆ కార్తీకంలో కాశీ బ్యాచ్‌తో ఉయ్యూరు చెరకు రైతు రాఘవయ్యగారు, ఆయన భార్య సుశీలమ్మగారు వచ్చారు. పెద్దాయనకి షుగర్. కాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. తీపి మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడట. అయినా సంచీలో బెల్లం మిఠాయి పొట్లం ఉండనే ఉంది. తీసినప్పుడల్లా ముందు సగం విరిచి భార్య చేతిలో పెట్టేవారు, ఆ తర్వాతే తన నోట్లో వేసుకునేవారు.

"నాకూ తీపంటే పిచ్చేనమ్మాయ్, పెడితే కాదనలేను" అన్నారు సుశీలమ్మగారు రైల్లో నాతో. "కాశీలో ఇష్టమైందొకటి వదలాలి కదా. ఈయన చేత తీపి వదిలించాలనే ఇంత దూరం లాక్కొచ్చా. డాక్టరు మాట వినరు గానీ గంగమ్మకిచ్చిన మాట తప్పరు."

నాకు లోపల నవ్వొచ్చింది. మనవాళ్ల తెలివితేటలు నేను చూడనివా? పుట్టి బుద్ధెరిగి ముట్టని పండు పేరు చెప్పి, పుణ్యం మూటగట్టుకుని చక్కా వచ్చేవాళ్లే ఎక్కువ.

ఘాట్ మెట్ల మీద తెలుగు పురోహితుడు దోసిట్లో నీళ్లు పోసి, "ఏం వదులుతున్నారండీ?" అని అడిగాడు.

"కాకరకాయ!" అన్నారు రాఘవయ్యగారు తడుముకోకుండా.

బ్యాచంతా గొల్లున నవ్వింది. సుశీలమ్మగారి మొహం మాత్రం పాలిపోయింది. షుగర్‌కి మంచిదని ఆవిడ రోజూ బతిమాలి తినిపించేది ఆ కాకరకాయే. ఇక అదీ పెట్టడానికి లేదు.

"గంగ దగ్గర కూడా మీ వేషాలేనా? రేపు ఆ కాలికేదన్నా అయితే నేనేమైపోవాలి?" అంటూ అందరి ముందూ ఏడ్చేశారు.

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు" అని నసిగారాయన.

పురోహితుడు ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని దోసిలి పట్టారు. "నేను తీపి వదిలేస్తున్నానండీ. బెల్లం, పంచదార, అన్నీ."

"నీకు షుగర్ లేదు కదే!" పెద్దాయన కంగారుపడ్డారు.

"ఇష్టమైంది వదలమన్నారు, వదిలాను. మీరు తినండి, మీరొక్కరే."

సాయంత్రం సత్రం వరండాలో ఆయన పొట్లం విప్పారు. అలవాటుగా సగం విరిచి ఆవిడ వైపు చెయ్యి చాచారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆయన ఆ ముక్క మళ్లీ పొట్లంలోనే పడేసి, మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఎవరికన్నా పంచెయ్యమ్మా. గొంతు దిగట్లేదు."

అమ్మ సుశీలమ్మా, అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి.

మరుసటి ఏడాది రామేశ్వరం టిక్కెట్ల కోసం ఇద్దరూ మా ఆఫీసుకొచ్చారు. పుండు మానింది. పెద్దాయన చెప్పులు టపటపలాడిస్తూ నడిచొచ్చి, మావాళ్లు పెట్టిన స్వీటు ప్లేటు పక్కకి జరిపేశారు.

అరిచి మాన్పించలేనిది తాను మానుకుని మాన్పించవచ్చని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మా ఆయన సిగరెట్లు మాన్పించాలంటే నేనేం వదలాలో మాత్రం ఇంకా తోచలేదు. ఈ కార్తీకం బ్యాచ్‌లో ఆయనకీ ఒక బెర్త్ వేయించాను.