బండి కిందికి దూరాకే మాట

లారీ ఓనరు దగ్గరికి పని అడగడానికి వెళ్లినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. నేను నిలబడేవాణ్ణి కాదు. నమస్కారం పెట్టి, బండి ఎక్కడుందో అడిగి, చొక్కా విప్పి దాని కిందికి దూరేవాణ్ణి. బయటికొచ్చి వీపు దులుపుకున్నాకే పని సంగతి. అరకు నుంచి శృంగవరపుకోట దాకా లారీ స్టాండుల్లో నన్ను చూసి నవ్వని మనిషి లేడు. "పెళ్లిచూపులకొచ్చి పెళ్లికూతురు గుంట పళ్లు లెక్కెట్టినట్టున్నాదిరా నీ యవ్వారం" అని ఒక మెకానిక్ నా మొహం మీదే అన్నాడు. అననీ. ఆ బండిలో కూర్చుని అనంతగిరి ఘాటు దిగాల్సింది నేను, ఆయన కాదు.

ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు.

నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మా మావ, అమ్మకు తమ్ముడు. మా కొండ మీద పండే అల్లం, మిరియాలు, కాఫీ గింజలు, నరికిన నీలగిరి దుంగలు, అన్నీ ఆ ఘాటు మీదుగానే కిందికి దిగాలి. మావ కోటలో, అంటే శృంగవరపుకోటలో, ఒక షావుకారు లారీ తోలేవాడు. నేను అదే లారీకి క్లీనర్ని. షావుకారు మెత్తటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. డ్రైవర్లకు ఆయన చెప్పే మాట ఒక్కటే, దిగుడులో ఇంజను డీజిల్ తాగకూడదు. అంటే కొండ దిగేటప్పుడు గేరు తీసేసి న్యూట్రల్లో వదిలెయ్యాలి. అప్పుడు బండి తన బరువుకు తానే జారిపోతుంది. దాన్ని ఆపడానికి ఇక బ్రేకులు తప్ప ఏమీ ఉండవు. మలుపు మలుపుకీ తొక్కితే అవి వేడెక్కి, కాలిన వాసన కేబిన్ నిండా కమ్ముకునేది. నేను ముక్కు మూసుకుంటే మావ "అదేటీ కాదులే" అనేవాడు.

నేను మలేరియాతో మంచం మీద ఉండగా ఒక మధ్యాహ్నం, దుంగల లోడుతో దిగుతున్న మావ బండి కొండవైపు కాలువలో పడింది. లోయవైపు పోకుండా కొండకేసి తిప్పుకోగలిగాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఎడమకాలు మాత్రం మళ్లీ మడత పడలేదు. క్లచ్ తొక్కలేని కాలు డ్రైవరుకు ఉన్నా లేనట్టే.

షావుకారు ఆసుపత్రికి వచ్చాడు. యాపిల్ పళ్లు తెచ్చాడు, ఖర్చంతా తనే చూసుకున్నాడు. వచ్చిన ప్రతివాడితోనూ "పాపం, నిద్ర పట్టేసిందండీ వాడికి" అన్నాడు. పోలీసులతోనూ అదే అన్నాడు. మావ కూడా అవునన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మాది క్రైస్తవుల ఊరు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి సంఘం ముందు చెప్పాలి. మా ఊళ్లో కోర్టు కాగితాన్నయినా అనుమానిస్తారు గానీ సాక్ష్యాన్ని అనుమానించరు. మావ కర్ర సాయంతో లేచి, "నాను నిద్దరోనాను. అయినా పెబువు నన్ను ఇడిసిపెట్టనేదు. మా షావుకారు బాబుకి మంచి మనసిచ్చినాడు" అని చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరుగారు షావుకారు వ్యాపారం కోసం ప్రార్థన కూడా చేశారు. ఇక అది శిలాశాసనమైపోయింది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మావ స్టీరింగు ముందు ఆవలించగా కూడా నేను చూడలేదు. ఒకరోజు పెరట్లో పసుపు ఆరబోస్తుంటే అడిగేశాను.

"మావా, నిజింగా నిద్దరోనావేటి?"

"సంఘంలో సెప్పినాను కదేటి" అన్నాడు మావ, నా వైపు చూడకుండా పసుపు కొమ్ములు తిరగేస్తూ.

ఆ తర్వాత నాకు హెవీ లైసెన్సు వచ్చింది. మా వైపు కుర్రాళ్లు ఓనర్ని వెతుక్కోరు. ఇంట్లో పెద్దవాడు ఏ షావుకారు గుమ్మంలో పనిచేశాడో చిన్నవాడూ అక్కడే చేరతాడు. ఆ గుమ్మం మంచిదా చెడ్డదా అని అడగడం పెద్దవాణ్ణి అవమానించడం కింద లెక్క. కాబట్టి మావ నాతో ఒక్క మాటైనా అనకుండా కోట వెళ్లి షావుకారుతో మాట్లాడి వచ్చాడు. అమ్మ నా చొక్కా ఇస్త్రీ చేయించింది.

మేం వెళ్లేసరికి బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉంచారు. ఆయన డ్రైవర్లంతా చుట్టూ చేరారు. మావ నాకంటే సంబరంగా ఉన్నాడు. షావుకారు చెయ్యి చాపి, "లైసెన్సు ఇలా ఇవ్వు నాయనా, బీరువాలో పెడతాను" అన్నాడు. అది ఆయన దగ్గర ఆనవాయితీ. డ్రైవరు పనిలో ఉన్నంతకాలం అసలు లైసెన్సు ఓనరు బీరువాలో ఉంటుంది, డ్రైవరు జేబులో జిరాక్సు ఉంటుంది. మానేసి పోదామన్నా కాలు కదలదు.

నేను లైసెన్సు తియ్యలేదు. ఇస్త్రీ చొక్కా విప్పి మావ చేతికిచ్చి, నిమ్మకాయల పక్కనుంచి బండి కిందికి దూరాను. పైన ఎవరో కిసుక్కుమన్నారు. కింద వంక పెట్టడానికేమీ లేదు. టైర్లు కొత్తవి, బ్రేకు లైనర్లు కొత్తవి. బండి బంగారం. బయటికొచ్చి అడగాల్సింది అడిగాను.

"బాబూ, నాను గేరులోనే దిగుతాను. బండి నెమ్మదిగా వస్తాది. మీకు సరేనా?"

షావుకారు నవ్వాడు. "మీ మావ ఎన్నేళ్లు తోలాడు నా బండి! ఏనాడైనా ఇలాంటి మాట అడిగాడా?"

"అడగనేదు బాబూ. అందుకే నానడుగుతన్నాను."

"నిద్రపోయి కాలువలో పడ్డాడు మీ మావ. దానికి గేరేం చేస్తుంది? కావాలంటే ఆయన్నే అడుగు, ఇక్కడే ఉన్నాడుగా."

అందరూ మావ వైపు తిరిగారు. మావ నా చొక్కా మడత పెడుతూ నిమ్మకాయల వంక చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు షావుకారు మీద కంటే మావ మీదే ఎక్కువ మండింది. ఒక్క మాట, ఒక్క మాట అంటే చాలు కదా! అనలేదు. మావ చేతిలోంచి చొక్కా లాక్కుని తొడుక్కుని, జేబు తడిమి లైసెన్సు ఉందో లేదో చూసుకున్నాను. "అయితే నాకీ పని వద్దు బాబూ" అన్నాను. షావుకారు ఏమాత్రం బాధపడలేదు. గుంపులో ఉన్న మా సంఘం మనిషి ఒకతన్ని పిలిచి తాళాలు ఇచ్చాడు. అతను దండం పెట్టి, ఎక్కి, నిమ్మకాయలు తొక్కించుకుంటూ వెళ్లిపోయాడు.

కోపం వస్తే మా మావకు తెలుగు ఆగిపోతుంది, ఇంట్లో మాట్లాడుకునే ఆదివాసీ ఒరియా మొదలవుతుంది. ఆరోజు కోటలో బస్సెక్కింది మొదలు అనంతగిరిలో దిగేదాకా నాకు తెలుగు వినపడలేదు. దిగాక ఒక్క ముక్క మాత్రం తెలుగులో అన్నాడు. "నా తల తీసీసినావు."

ఆ తర్వాత కథ నాకంటే ముందు ఊళ్లు తిరిగింది. ఓనర్లని ఇంటర్వ్యూ చేసేవాడని నాకు పేరు పడింది. నేను మాత్రం మానలేదు. ఒకాయన బండి టైర్లు మా అమ్మ అరికాళ్లలా అరిగిపోయి ఉన్నాయి. ఇంకొకాయన బండి శుభ్రంగా ఉంది గానీ, గేరు మాట ఎత్తగానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలికి వెళ్లిపోయాడు. మరొకాయన "దేవుడి మీద భారం వేసి దిగాలి గానీ గేరు మీద వేస్తారా" అన్నాడు. దేవుణ్ణి నమ్మినవాణ్ణే నేను. కానీ బ్రేకు లైనర్లు మార్చడం ఓనరు పని అని నాకు తెలుసు.

ఈలోగా అమ్మతో కలిసి కాఫీ తోటల్లో పళ్లు కోశాను. అమ్మ బుట్ట నింపుతూనే నన్ను దులిపేది.

"కాపీ పళ్లు కొయ్యడానికేట్రా నైసెన్సు తీసినావు? నా తమ్ముడి మాట తీసీసినావు. కొండకొండంతా నవ్వుతన్నాది."

"నవ్వనీయే అమ్మా. ఆళ్లు నవ్వితే నా కాలు ఇరిగిపోదు."

అలా అన్నాను గానీ నాకూ భయంగానే ఉండేది. రోడ్డు మీద లారీ హారను వినిపిస్తే చేతిలో కొమ్మ వదిలేసి అటే చూసేవాణ్ణి. చేతికొచ్చిన విద్య చేతిలోనే తుప్పు పట్టిపోతుందేమోనని దిగులు. ఒక్కసారి న్యూట్రల్లో దిగితే ఏం పోయిందని కూడా అనిపించేది. అప్పుడు కర్ర టకటకలాడిస్తూ మావ తోట పక్క దారిన వెళ్లేవాడు, నా వైపు చూడకుండా. ఆ చప్పుడు వినగానే మళ్లీ మొండికెత్తేవాణ్ణి.

చివరికి సాలూరు వెళ్లాను. అది లారీల ఊరు. అక్కడ కూడా దొరక్కపోతే ఇక నా తిక్కకు మందు లేదనుకున్నాను. రెండే లారీలున్న ఒక ఓనరు షెడ్డు చూపించారు. మనిషి కనపడలేదు. బండి కనపడింది. ఆగలేక దూరిపోయాను.

"ఎవడ్రా ఆడు, నా బండి కింద?" అని ఒక కేక.

"పనికొచ్చినాను బాబూ" అన్నాను కింద నుంచే.

కర్ర తెస్తాడనుకున్నాను. గోనెసంచి తెచ్చాడు. దాన్ని నా పక్కన పరిచి, లుంగీ ఎగ్గట్టి, అంత లావు మనిషీ ఆయాసపడుతూ వచ్చి నా పక్కనే వెల్లకిలా పడుకున్నాడు.

"నువ్వు సూడాల్సింది అటు కాదు, ఇటు సూడు" అని వెనక ఇరుసు దగ్గరున్న బ్రేకు గాలి గొట్టం చూపించాడు. "ఒరుసుకుపోయి గాలి కారుతన్నాది. రేపు కొత్తది వస్తాది. అది మార్చిందాకా ఈ బండి షెడ్డు దాటదు."

తన బండికి ఉన్న రోగం తానే చూపించిన ఓనర్ని నేను అంతవరకూ చూడలేదు. అలా పడుకునే గేరు సంగతి అడిగాను.

"ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. బరువెక్కువైతే ఇంకా కింద గేరెయ్యి. ఎందుకాలీసెమైందని నాను పోను సేస్తే, పోను కట్ సేసీ."

బయటికొచ్చాక లైసెన్సు అడిగాడు. ఇక్కడా బీరువానే అనుకుంటూ తీసిచ్చాను. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ కాడే ఉంచు. రోడ్డు మీద పోలీసోడు ఆపితే నా బీరువా సూపిస్తావేటి?"

మంచి ఓనరు దొరికాడు కదా అని ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం లేదు. ఆయన నోరు పరమ చెడ్డది. అద్దం మీద మరక కనపడితే మా తాతల దాకా వెళ్లి వస్తాడు. టీ కూడా పోయించడు. కానీ ఆ తిట్లన్నీ మరక గురించే. కొండ దిగడానికి పట్టిన సమయం గురించి ఒక్క తిట్టూ తిట్టలేదు.

అరకు నుంచి కోటకు నా మొదటి లోడు అల్లం. బయల్దేరి మా ఊరి మలుపు చేరేసరికి అక్కడ మావ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కోటలో పనున్నాది, దింపీ" అన్నాడు. ఆయనకు కోటలో పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. చెయ్యిచ్చి పైకి లాగాను.

అనంతగిరి దాటి దిగుడు మొదలైంది. రెండో గేరు వేశాను. ఇంజను గుర్రుమంటూ బండిని పట్టి ఉంచింది. వెనక కార్లవాళ్లు హారన్లతో నా చెవులు తినేశారు. తినండి. తన బండి పడిన కాలువ దగ్గరికొచ్చేసరికి మావ, మడవని ఆ ఎడమకాలితోనే లేని క్లచ్చును తొక్కబోయాడు. చూసీ చూడనట్టున్నాను.

"రొండో గేరేనా?" అన్నాడు.

"రొండోదే మావా."

కాలువ వెనక్కి వెళ్లిపోయాక మెల్లగా అన్నాడు. "నాకూ ఎయ్యాలనిపించినాదిరా. బ్రేకు పట్టట్లేదని తెలిసినాక ఎయ్యబోనాను. బండి జోరు మీదున్నాది, గేరు పడనేదు."

నేను రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పలేదు. తిప్పితే ఏడ్చేసేవాణ్ణి. కోటలో ఆయన టీ తాగి, అదే బండిలో తిరిగి వచ్చాడు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో మావ లేచాడు. అలవాటైన సాక్ష్యమే కదా అని పాస్టరుగారు అప్పుడే ఆమెన్‌కు సిద్ధమవుతున్నారు.

"ఎనకటి సాచ్చికం అబద్దం" అన్నాడు మావ. "నాను నిద్దరోనేదు. గేరు తీసీసి దిగమన్నారు, దిగీసినాను. ఒద్దని నోరెత్తనేదు. ఆసుపత్రి కర్సు పెట్టినారని, ఆరి మాటే నా మాట సేసుకున్నాను. బండిని కొండేపు తిప్పినప్పుడు నాను మెలకువగానే ఉన్నాను. నా సెయ్యి పట్టుకుని తిప్పింది పెబువే. ఆ ఒక్కటే నిజిం."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు బైబిలు మూసి మళ్లీ తెరిచారు. ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ "స్తోత్రం" అంది, కొండకొండంతా నవ్వుతోందని నన్ను దులిపిన ఆ గొంతుతోనే. అప్పుడు మిగతావాళ్లూ అందుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే, ఆరోజు నిమ్మకాయలు తొక్కించుకుని వెళ్లినతను నా దగ్గరకొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ సాలూరు ఓనరు కాడ ఇంకో బండున్నాది కదా. డ్రైవరు కావాలేటి?"

నేను నోరు తెరిచేలోపే మావ కర్ర మా ఇద్దరి మధ్యా నేలకు తగిలింది.

"కావాలో వద్దో తరవాత" అన్నాడు మావ. "ముందు బండి కిందికి దూరి సూసుకో."