వెల్మా స్కోగన్ పక్క సీటు

పారిపోవడంలో మా కొండ రోడ్డు మీద వెల్మా స్కోగన్‌ను మించినవాళ్ళు లేరు. ఉత్తర కాలిఫోర్నియా అడవుల్లో ఎక్కడ పొగ లేచినా సరే, మేము తల తిప్పేలోపు ఆమె పాత ట్రక్కు మలుపు దాటేసేది. వెనక బుట్టలో కోళ్ళు, పక్క సీట్లో ఎవరో ఒకరు. "ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం, తోడు రా" అని చేయి పట్టుకుని లాక్కుపోయేది.

మా చెల్లెలి పెళ్ళిలోనూ అంతే. పెళ్ళికొడుకు తండ్రి పెరట్లో మాంసం కాలుస్తున్నాడు.

"అది వంట పొగ వెల్మమ్మా" అన్నాను.

"పొగకి పేరెందుకు" అని, చేతికర్రతో నడిచే మా పెద్దత్తను బండెక్కించుకుని వెళ్ళిపోయింది. కేకు కోసే వేళకు పెద్దత్త లేదు. చీకటి పడ్డాక ఇద్దరూ ఐస్‌క్రీం తిని తిరిగొచ్చారు. పెళ్ళి కన్నా అదే బాగుందని పెద్దత్త నేటికీ చెబుతుంది.

వెల్మాకు జెల్ పిచ్చి కూడా ఉండేది. మంటలు ఆపే జెల్ అది. డబ్బాను తోట గొట్టానికి తగిలించి నీళ్ళతో కలిపి చిమ్మితే గోడను చిక్కటి గంజిలా పట్టుకుంటుంది. ఆ తడి ఆరేదాకా నిప్పురవ్వలు గోడను అంత తేలిగ్గా అంటించలేవు. ఏటా వేసవి మొదట్లో మమ్మల్ని పిలిచి కోళ్ళగూడు మీద చిమ్మి చూపించేది. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా వచ్చినవాళ్ళను గేటు నుంచే వెనక్కి పంపేది.

"ముందు చూరు వెంట వాననీళ్ళ కాలవలో ఆకులు తీయండి. గోడ పక్క కట్టెలు దూరంగా పెట్టండి. కిటికీలు మూయండి. ఆ తర్వాతే జెల్. చూరు కింద మొదలుపెట్టి కిందికి రావాలి. ఆరిపోతుంటే సన్నగా నీళ్ళు చల్లాలి."

"కప్పెక్కి చిమ్మితే బాగా పడుతుంది కదా" అన్నాను.

"పడుతుంది. నువ్వూ పడతావు. సబ్బు కన్నా జారుతుందది. నేల మీద నిలబడి చిమ్ము."

"ఇంత గొప్ప జెల్ ఉంటే మళ్ళీ పరుగెందుకు పిల్లా?" అన్నాడు ఓడెల్ ప్రూయిట్. ఎనభై దాటిన వడ్రంగి, ఆమె పక్కింటివాడు.

"జెల్ ఇంటికి పెద్దాయనా. మనిషికి రోడ్డే."

ఓడెల్ నవ్వేశాడు. ఆయన ఇల్లు తన చేతులతో కట్టుకున్నది. ఏ మంటొచ్చినా గడప దిగనన్నాడు. రోడ్డంతటిలో వెల్మా పక్క సీట్లో కూర్చోనిది ఆయనొక్కడే.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నిజమైన మంటే వచ్చింది. ఎండుగాలి దాన్ని కొండ మీంచి మా వైపు తోసింది. ఖాళీ చేయమని పోలీసు బండి అరుస్తూ పోయింది. నేను సామాను వేసుకుని బయలుదేరాను. వెల్మా ఈపాటికి పట్నం చేరి కాఫీ తాగుతూ ఉంటుందనుకున్నాను.

ఆమె ట్రక్కు ఓడెల్ వాకిట్లో ఉంది. బుట్టలో కోళ్ళు గోల పెడుతున్నాయి. వెల్మా నేల మీద కాళ్ళు పాతినట్టు నిలబడి ఆయన ఇంటికి జెల్ చిమ్ముతోంది. ఆకాశం ముదురు నారింజ రంగుకు తిరిగింది, తడి గోడ ఆ రంగంతా పట్టి అద్దంలా వెలుగుతోంది. బండి ఆపి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఓడెల్ నీళ్ళ బకెట్‌తో మెట్ల మీద కూర్చున్నాడు.

"నేను కదలను పిల్లా."

"నిన్ను కదలమన్నానా? కాళ్ళు పైకి పెట్టు, మెట్టు తడపాలి."

ఆయన కాళ్ళు పైకి పెట్టాడు. కాసేపటికి, "నీ ఇంటికి పూశావా?" అన్నాడు.

"ఎప్పుడో అయిపోయింది."

నేను ఆమె ఇంటి ముందునుంచే వచ్చాను. ఆ గోడలకు చుక్క తడి లేదు. అదే చెప్పబోయాను. వెల్మా గొట్టం నా మొహం వైపు తిప్పింది. 

ఆఖరి డబ్బా అయిపోయింది. ఆమె తొడుగులు విప్పి చేయి చాపింది. "నీ ఇల్లు ఇప్పుడు నీకన్నా భద్రంగా ఉంది. ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం పెద్దాయనా. తోడు రా."

ఓడెల్ గోడను పైనుంచి కిందికి చూశాడు. బకెట్ దించి బండెక్కాడు.

ఆ రాత్రి పట్నంలో మమ్మల్ని బడి ఆటల హాల్లో పడుకోబెట్టారు. పాపం వెల్మాకు ఎంత భయమో అన్నాడు ఓడెల్.

"దానికా భయం?" అంది మా పెద్దత్త. "ఎలుగుబంటిని చీపురుతో తరిమిన మనిషది."

చుట్టూ పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఒకరికి బండి లేదు, ఒకరికి చూపు ఆనదు, ఒకరికి మొండితనం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ సీట్లో కూర్చున్నవాళ్ళే. అందరూ ఆమెకు ధైర్యం చెప్పడానికే వెళ్ళామని ఇన్నాళ్ళూ అనుకున్నవాళ్ళే.

రోడ్డు తెరిచాక వెళ్ళి చూశాం. నల్లటి నేల ఓడెల్ గోడకు జానెడు దూరందాకా వచ్చి ఆగిపోయింది. ఎండిన జెల్ తెల్లటి పెచ్చుగా మారింది, నిండా నువ్వులద్దినట్టు చల్లారిన నిప్పురవ్వలు. ఓడెల్ టోపీ తీసి నిలబడ్డాడు.  అటుపక్క వెల్మా వరండా, కోళ్ళగూడు బూడిదయ్యాయి. మిగతా ఇంటిని అగ్నిమాపక దళం వాళ్ళు దక్కించారు.

"అబద్ధం ఎందుకు చెప్పావు పిల్లా?"

"నిజం చెప్తే సగం నా ఇంటికి పూయమని గొడవేసుకునేవాడివి. అది తేలేలోపు మంటొచ్చి మన మధ్య కూర్చునేది."

"అయితే నీకు భయమే లేదన్నమాట."

"ఎందుకు లేదు? నువ్వు మెట్టు దిగవేమోనని చచ్చేంత భయమేసింది."

 ఓడెల్ జేబులోంచి కొలత టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చి, వరండా ఉండిన చోటును కొలవడం మొదలుపెట్టాడు.

"మెట్లు ఎటు పెట్టమంటావు?" అన్నాడు ఆమెను చూడకుండా.

"బండి ఆగే వైపు" అంది వెల్మా.